వెనకాల నిలబడినోళ్లను చూడబ్బయ్యా

ఆపరేటర్ మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక పెళ్లికూతురి ముఖం కడుగుతున్నాను. కడగడమంటే నీళ్లతో కాదు. ఉదయగిరి బస్టాండు దగ్గర నాకో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోల్లో ముఖాల మీది మచ్చలు, మొటిమలు, చెమట కంప్యూటర్లో తుడిచెయ్యడం మా పనిలో సగం. ఫోన్ చేసింది మామ కూతురు. ఏడవలేదు. "నాయన పోయినాడన్నా, ఇప్పుడే. కిడ్నీలు రెండూ పోయినాయని చెప్పినారు గదా, అంతే," అంది. నేను మౌస్ వదిలేశాను. తెర మీద ఆ పెళ్లికూతురి ముఖం ఒక చెంప నున్నగా, ఒక చెంప మామూలుగా ఉండిపోయింది. దాన్ని అట్లాగే వదిలి, షట్టర్ దించి, వాళ్లింటికి పోయాను.

ఆయన నాకు చుట్టం కాదు. మా వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన ఆపరేటర్ మామే. ముప్పై ఏళ్లకు పైగా ఆత్మకూరులో ఒక సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపాడు. అనుమసముద్రంపేట దర్గాకు వచ్చే జనం కోసం ఆ హాల్లో వారానికి రెండు రోజులు హిందీ సినిమాలు ఆడేవి. ఊళ్లన్నీ తిరిగి, గీతలు పడి, తెగి, అతుకులు వేయించుకుని వచ్చే రీళ్లు అవి. వాటికి మళ్లీ అతుకులు వేసి, ప్రొజెక్టర్ ఉండే క్యాబిన్ గోడలోని చిన్న కిటికీలోంచి ఒక్కో సినిమాను ముప్పై నలభై సార్లు చూశాడు. హిందీలో మంచినీళ్లు అడగడం కూడా రాదు. కానీ ఏ సీన్లో చీర ఏ రంగో, ఏ మాట దగ్గర హాలంతా ఊపిరి బిగబట్టేదో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. చివరికి హాలు మూతపడి ఎరువుల గోడౌన్ అయింది. మామ ఉదయగిరిలో ఇంటిపట్టున కూర్చున్నాడు.

ఒకప్పుడు పెళ్లి వీడియోను బ్లూ-రే డిస్కులో ఇస్తే గొప్పగా ఉండేది. అందుకని నేను ఆ ప్లేయరు, ఒక పెద్ద టీవీ కొని స్టూడియో వెనక గదిలో పెట్టాను. ఆ సంగతి ఎవరు చెప్పారో, ఒక రోజు మామ కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. తను ఆత్మకూరులో ఆడించిన పాత హిందీ సినిమా ఒకటి కొత్తగా బ్లూ-రేలో వచ్చిందట. ఒకసారి పెట్టి చూపిస్తావా అని అడిగాడు. నేను వినోదం కోసమనుకున్నాను. పది నిమిషాలకే తెలిసింది, ఆయన సినిమా చూడడానికి రాలేదని. బడికి ఇన్‌స్పెక్టర్ వచ్చినట్టు వచ్చాడు.

ముందు నా టీవీనే తిట్టాడు. రంగులన్నీ మిరపకాయ బజ్జీల బండి మాదిరి ఉండాయని, తగ్గించమని కూర్చున్నాడు. ట్యూబులైటు ఆర్పించాడు. టీవీ దగ్గర్నుంచి అడుగులు కొలిచి కుర్చీ వేసుకున్నాడు. హీరో తెర మీదికి వస్తే నేను హీరోను చూస్తున్నాను. మామ ఒప్పుకోలేదు.

"వాణ్ణి చూడొద్దు. వాడికి ఎట్టాగూ మంచి లైటే వేస్తారు. వెనకాల నిలబడినోళ్లను చూడబ్బయ్యా. వాళ్ల ముఖాలు తెలస్తా ఉండాయంటే బొమ్మ మంచిది."

అప్పటినుంచి ఏ డిస్కు వచ్చినా ఇద్దరం సంతలో వెనక నిలబడ్డ ముసలివాళ్లను, గుంపులో నాలుగో వరస మనిషిని చూసేవాళ్లం. పాత ఫిల్ము మీద సన్నగా రవ్వ చల్లినట్టు చుక్కలు కదులుతూ ఉంటాయి. మామ దాన్ని రవ్వ అనే అనేవాడు. డిస్కు చేసేవాళ్లు కొందరు అది మురికి అనుకుని కంప్యూటర్లో తుడిచేస్తారు. రవ్వతో పాటు చర్మమూ పోతుంది, ముఖం మైనం ముద్దలా మిగులుతుంది. "రవ్వ మురికి కాదబ్బయ్యా, బొమ్మే రవ్వ. అది తీస్తే ఏం మిగలదు," అనేవాడు. కొన్ని డిస్కుల్లో పాత చదరపు బొమ్మను వెడల్పు టీవీకి సరిపెట్టడానికి పైనా కిందా కోసేస్తారు. అట్లాంటి ఒక డిస్కులో నాట్యం చేసే అమ్మాయి గజ్జెలు వినిపిస్తున్నాయి, పాదాలు లేవు. మామ లేచి డిస్కు తనే బయటికి తీశాడు.

శబ్దానికి కళ్లు మూసుకునేవాడు. కొత్తగా కలిపిన ఉరుములు, వెనక స్పీకర్లలోంచి వచ్చే వాన ఆయనకు గిట్టేవి కావు. హాల్లో వాన తెర మీద కురిసింది గానీ తన వీపు మీద ఏనాడూ కురవలేదనేవాడు. ఆయనకు కావలసింది మాటకీ మాటకీ మధ్య ఆ మనిషి తీసుకునే ఊపిరి. అది వినపడితే తల ఊపేవాడు.

చూడడం అయ్యాక ఒక పొడుగు నోట్‌బుక్‌లో సినిమా పేరు, ఒకటి రెండు ముక్కలు, చివర తీర్పు రాసేవాడు. తీర్పులు మూడే. పాస్, ఫెయిల్, పాపం. అసలు నెగెటివే పాడైపోయి, చేసినవాళ్ల తప్పేమీ లేకపోతే పాపం. చేతులారా చెడగొడితే ఫెయిల్. ఎంత బతిమాలినా మధ్యలో ఇంకో మాట లేదు. నాకు అది చాదస్తంగా ఉండేది. ఆత్మకూరు గోడౌన్‌లో మూటల కింద పోయిన సినిమాల గురించి ఉదయగిరిలో ఒక ముసలాయన తీర్పు రాస్తే ఎవరికి కావాలి అనుకునేవాణ్ణి. అయినా డిస్కు వచ్చిందంటే నా పని పక్కన పెట్టేవాణ్ణి. ఫోటోలు తీసి బతికే నాకు చూడడం నేర్పింది ఆయనే.

ఇక్కడిదాకా చెప్పడం సులువు. ఇక మిగిలింది చెప్పకపోతే ఈ రాత ఎందుకు?

మామ భార్య మిషన్ స్కూల్లో ఆయాగా చేసేది. నేను స్టూడియో పెట్టకముందే పోయింది. చర్చిలో ఆడవాళ్లందరి పాటలో ఆమె గొంతు విడిగా తెలిసేదట, కొంచెం గరుకుగా. చిన్నప్పుడు స్ఫోటకం పోసి ముఖం నిండా గుంటలు. వాళ్లింట్లో ఆమె ఫోటోలు రెండో మూడో ఉన్నాయి గానీ వాటిలో మచ్చలు లేవు. ఆ కాలపు స్టూడియోవాళ్లు నెగెటివ్ మీద పెన్సిల్‌తో చెరిపేసేవాళ్లు. మా వృత్తికి ఈ జబ్బు పాతదే.

మూడేళ్ల కిందట మామ ఒక వీడియో క్యాసెట్ తెచ్చాడు. కలిగిరిలో చుట్టాల పెళ్లి. అందులో ఆమె ఒక పాట పాడింది, నాలుగు నిమిషాలు. ఆమె కదిలేది, ఆమె గొంతు వినిపించేది ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అప్పటికే షుగరు వల్ల మామకు ఒక కన్ను పోయింది, రెండోది మసకబారుతోంది. "చూపు ఉండంగానే ఒకసారి పెద్ద టీవీలో చూసుకోవాల. దీన్ని డిస్కు చేసియ్యి," అన్నాడు. సినిమా డిస్కులు పెట్టమనడం తప్ప, ఆయన నన్ను తనకోసం ఏదైనా అడగడం అదే మొదలు.

క్యాసెట్‌కు బూజు పట్టింది. పాత ప్లేయరు ఒకటి వెతికి తెచ్చి, కంప్యూటర్లోకి ఎక్కించాను. పాట అయిపోయిన కాసేపటికి టేపు మెషిన్లో చుట్టుకుని ముక్కలైంది. అయితే ఏం, పాట దక్కింది గదా అనుకున్నాను. అప్పుడు ఆపి ఉంటే బాగుండేది. మామకు మంచి బొమ్మ ఇవ్వాలని నాకు ఆత్రం. రెండు రోజులు కూర్చున్నాను. చుక్కలు తీశాను, మసక తీశాను, రంగు పెంచాను. ప్రతి పెళ్లికూతురికీ చేసినట్టే ముఖం నున్నగా చేశాను. టేపు బుసబుస తీసేశాను. ఆమె గొంతు గంటలాగా వచ్చింది. రవ్వ సంగతి అంత చెప్పించుకున్నవాణ్ణి, నా చేతికి మాత్రం అది ఎక్కలేదు. రోజూ చేసే పని, చెయ్యి తనంతట తనే చేసుకుపోయింది. డిస్కు తయారయ్యాక, కంప్యూటర్లో చోటు లేదని అసలు కాపీ చెరిపేశాను. అదీ నా అలవాటే.

మామ తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. అడుగులు కొలిచి కుర్చీ వేసుకున్నాడు. పాట మొదలైంది. ముందుకు వంగాడు, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు, చివరికి లేచి టీవీకి మొహం ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు. చూపు ఆనడం లేదేమో అనుకున్నాను. పాట అయిపోయింది.

"మచ్చలు యాడబోయినాయి?" అన్నాడు.

నేను లేచి ట్యూబులైటు వేశాను.

"నలభై యేళ్లు చేత్తో తడిమిన ముఖం అబ్బయ్యా. మచ్చలు యాడబోయినాయి? ఊపిరి గూడా తీసుకోకుండా పాడతా ఉండాదే." నా వైపు తిరిగాడు. "అసలుది ఉండాదా?"

"లేదు మామా," అన్నాను.

ఆయన తిట్టలేదు. డిస్కు ఇమ్మని చెయ్యి చాపాడు, తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. నన్ను ఒక్క మాట అన్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఉన్న ఒక్క బొమ్మను ఒక మనిషి నమ్మి నా చేతిలో పెడితే, నేను దాన్ని ఇంకెవరో ఆడమనిషిని చేసి తిరిగి ఇచ్చాను.

నాలుగు నెలలు మామ మా స్టూడియో వైపు రాలేదు. నేను రెండుసార్లు ఆయన గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాను. ఐదో నెలలో కొత్త డిస్కు ఒకటి పట్టుకుని ఆయనే వచ్చాడు. కూతురు చెయ్యి పట్టుకుని నడిపించింది. "నాకింక తెలీడంలా. నువ్వు చూసి చెప్పాల. ఉన్నదున్నట్టు చెప్పాల," అని కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అప్పట్నుంచి రెండేళ్లకు పైగా నేను చూశాను, ఆయన విన్నాడు. వెనకాల ఎవరున్నారని అడిగేవాడు. గుడ్డలు ఉతికే మనిషి, చంకలో బిడ్డ ఉన్న మనిషి, చుట్ట కాల్చే ముసలాయన, ఇట్లా ఒక్కొక్కర్నీ చెప్పేవాణ్ణి. రవ్వ ఉందా అంటే ఉంటే ఉందనీ లేకుంటే లేదనీ చెప్పాను. క్యాసెట్ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. క్షమించమని అడిగే ధైర్యం నాకు రాలేదు. ఇప్పుడు అడిగినా వినడానికి ఆయన లేడు.

సమాధి అయిన మూడో రోజు మామ కూతురు స్టూడియోకు వచ్చింది. పోయినవాళ్ల కోసం చర్చివాళ్లు చేసే ఆదరణ కూటానికి ఫ్లెక్సీ కావాలంది. మా వైపు మనిషి పోతే వీధి మలుపులో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టాల్సిందే. ముఖం తెల్లగా, నున్నగా, వెనక మేఘాలు, పావురాలు. చనిపోయినవాళ్లందరూ ఒకే ఇంటివాళ్లలా ఉంటారు. ఫోటో నోట్‌బుక్‌లో ఉందని, ఆ పొడుగు నోట్‌బుక్కే నా ముందు పెట్టింది. వాళ్లమ్మ పాట డిస్కు సంగతి అడిగాను. "నాయన దాన్ని మళ్లా పెట్టమనలేదన్నా. పెట్టెలోనే ఉండాది," అంది.

ఫోటో తియ్యకముందే నేను పేజీలు తిప్పాను. వెతుకుతున్నది ఏమిటో నాకు తెలుసు. ఆయన రాత పెద్దదై, గీతలు దాటి వంకరపోయిన చోట కనిపించింది. "మా ఇంటి ఆమె పాట. కలిగిరి పెళ్లి. మచ్చలు లేవు. ఊపిరి లేదు. ఫెయిల్."

పాపం అని రాసి ఉంటాడని మూడేళ్లుగా నాలో నేను ఆశపడ్డాను. బూజు పట్టిన టేపు గదా, ముక్కలైంది గదా. కానీ బూజు చెయ్యని పని నేను చేశానని ఆయనకు తెలుసు. తీర్పు సరైనదే.

ఫోటో ఆ పేజీలోనే ఉంది, అరచేతిలో సగం ఉంటుంది. హాలు మూసేసిన రోజు క్యాబిన్ గుమ్మంలో ఎవరో తీసింది. అంచులు పసుపుపచ్చగా మారాయి. ఫ్లెక్సీ కోసం కాబట్టి పెద్దగా స్కాన్ చేశాను. మామ ముఖం తెరంతా నిండింది. మాసిన గడ్డం, కళ్ల కింద సంచులు, రవ్వ రవ్వగా ఉంది. అలవాటుగా మౌస్ మీదికి పోయిన చేతిని తీసేశాను. హీరోను వదిలి వెనకాల చూశాను.

ఆయన భుజం వెనక, క్యాబిన్ చీకట్లో, ఒక ఆడమనిషి నిలబడి ఉంది. సగం ముఖమే కనపడుతోంది. చెంప నిండా గుంటలు.

మామ కూతురు కుర్చీలోంచి లేచింది. "అమ్మ," అంది. "ఆ రోజు అమ్మ అన్నం తీసుకోని పోయింది. ఈ ఫోటోలో ఉండాదని మాకు తెలీదన్నా."

మామకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఫోటో ఆ పేజీలో ఎందుకు పెట్టాడో కూడా తెలియదు. ఆయనకు చూపు ఉన్నప్పుడు నేనే ఒక్కసారి ఇంట్లో ఫోటోలన్నీ తెమ్మని అడిగి ఉంటే, టీవీ అంత పెద్దది చేసి చూపించి ఉండేవాణ్ణి. అడగలేదు.

ఫ్లెక్సీ షాపువాడికి మూడుసార్లు చెప్పాను, ఏదీ ముట్టుకోవద్దని. మేఘాలు పెట్టనివ్వలేదు, పావురాలు పెట్టనివ్వలేదు. ఆదరణ కూటం రోజు ఉదయం మలుపులో కట్టాం. చుట్టాల్లో ఒకాయన నా దగ్గరికొచ్చి, స్టూడియో పెట్టుకోని ముఖం క్లీన్ చేయలేదేంది, వెనకాల ఎవరో ఉంటే తీసేయలేదేంది అని అడిగాడు. నేను రోడ్డుకు అవతలికి పోయి, అడుగులు కొలుచుకుని, మామ అయితే కుర్చీ వేసే చోట నిలబడ్డాను.

అప్పుడు మామ కూతురు ఫ్లెక్సీ దగ్గరికి వచ్చింది. కాసేపు చూసింది. చెయ్యి ఎత్తి, తల్లి చెంప మీద పెట్టి, మెల్లగా తడిమింది. నేను నిలబడ్డ చోటికి గుంటలన్నీ తెలుస్తున్నాయి. ఆమె చేతికి మాత్రం ఆ గుడ్డ నున్నగానే తగిలి ఉంటుంది. దుత్తలూరు బస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగిపోయింది. ఆమె చెయ్యి తియ్యలేదు.