సంచి మూతి

మేడిపల్లి దగ్గర బస్సులోంచి కలుపు విత్తనాలు చల్లుతున్న మనిషిని పట్టుకొని కొట్టారని ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అతను చల్లలేదు. పక్క సీట్లో ఉండి చూశాను కనుక రాస్తున్నాను.

కోరుట్లలో ఎక్కిన ఆ మనిషి ఒళ్లో గింజకొచ్చిన వయ్యారిభామ కలుపు మొక్కల సంచి ఉంది. జగిత్యాలలో వాటి నుంచి ఇంధనం తీసే ప్రయోగానికట. నానో ఉత్ప్రేరకాల గురించి గ్రంథాలయంలో చదివినవాణ్ణి. కంటికి ఆనని లోహపు పొడి ఆ గడ్డిని ఎలా త్వరగా విడగొడుతుందో నేనే అతనికి వివరించాను.

మేడిపల్లిలో ఒక రైతు ఎక్కాడు. అతని చేతులు ఆ మొక్క తగిలి పుండ్లు పడి ఉన్నాయి.

“గీ గడ్డితోనే నా చేను ఆగమైంది. మల్ల మోసుకచ్చి సల్లుతున్నవారా?” అని సంచిని గుంజాడు. మూతికి కట్టిన తాడు తెగింది. ఆ మనిషి రెండు చేతులతో మూతి బిగించి పట్టుకున్నాడు. రైతు అతని ముఖం మీద గుద్దాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది. ఒక్క చెయ్యి అడ్డం పెట్టినా కిటికీ గాలికి గింజలు పొలాల్లో పడతాయి. అతను పెట్టలేదు.

“దీంతోని డీజిల్ తీస్తరు కాకా,” అన్నాను.

“తీసినంక చెప్పు. ముందుగాల నా చేన్ల మొలుస్తది గద,” అంటూ మళ్లీ గుద్దాడు.

నేను సంచి మూతి అందుకున్నాను. చేతులు ఖాళీ కాగానే ఆ మనిషి లేచి రైతు చెంప పగలగొట్టాడు. రైతు సీట్ల మధ్య పడ్డాడు.

“ఇగ ఇటియ్యన్నా,” అని మూతి నా దగ్గర తీసుకొని కూర్చున్నాడు.

బస్సు ఆపిన డ్రైవర్ మల్లేశం గారికి, నెత్తురు కడిగిన కండక్టర్ స్వరూప గారికి, అదే బస్సులో ఉండి సంచి మూతి కుట్టిన సిరిసిల్ల నేతకార్మికురాలు లక్ష్మి గారికి, ఒక్క గింజా రాలకుండా ఆమె కుట్టేదాకా అంచులు దగ్గరికి పట్టుకున్న ఆ రైతు గంగారాం గారికి కృతజ్ఞతలు.