అవ్వ సుంగుడి చీర, మూసి కుట్టిన జిప్పు

పొద్దున్నుంచీ మిషన్ ముందే ఉన్నాను. అవ్వ సుంగుడి చీరలో మిగిలిన ఆఖరి ముక్కతో జిప్పు సంచి కుడుతున్నాను. చుట్టూ కుట్టేశాక చూస్తే జిప్పు మూసే ఉంది. ఇక లోపలిది బయటికి తిప్పే దారి లేదు.

మన అవ్వలు నడుముకు దోపుకునే సురుక్కుపై సంచి జ్ఞాపకముందా? దారం లాగితే ముడుచుకునే గుడ్డసంచి, తెరిస్తే పొగాకు వాసన. చిన్నప్పుడు నేను అలాంటిది కుట్టబోతే అవ్వ చేతిమీద ఒకటేసి, "నోరు వదిలి కుట్టవే, కణ్ణు. తర్వాత ఎట్ల తిప్పుతావు?" అనేది.

ఇప్పుడు కుట్టు విప్పుతుంటే దారంతోపాటు పాత గుడ్డా చిరుగుతోంది.

"ఇంకో గుడ్డ తీసుకోమ్మా" అంటోంది నా కూతురు.

గుడ్డలకేం, బీరువా నిండా ఉన్నాయి. పొగాకు వాసన వచ్చేది ఇదొక్కటే.