సీలింగుకు అతుక్కున్న అమ్మాయి

కరోనా తగ్గాక వచ్చిన రెండో వేసవిలో నన్ను కొరియన్ సినిమాలకు వాయిస్ డైరెక్టరుగా వేశారు. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య ఒక పాత మేడలో మా డబ్బింగ్ స్టూడియో ఉండేది. అప్పటికి నా ఉద్యోగం చివరి ఏళ్లకొచ్చింది. కార్టూన్లు, హిందీ సీరియళ్లు, ఇంగ్లిషు పోరాట చిత్రాలు అన్నీ చేశాను గానీ కొరియన్ కొత్త.

వాయిస్ డైరెక్టర్ పని చాలామందికి తెలియదు. రచయిత తెలుగులో మాటలు రాస్తాడు, ఆర్టిస్టు మైకు ముందు చెబుతుంది. ఆ మాట తెరమీది పెదవులకు సరిపోయిందా, ఆ సమయానికి ఆ మనిషి గొంతు అలాగే ఉంటుందా అని తేల్చేది మేము. సినిమాను చిన్న చిన్న ముక్కలుగా కోసి ఒక్కో ముక్కను పదేపదే వేస్తారు. ఆ ముక్కను లూప్ అంటాం. క్లోజప్‌లో పెదవులు మూసుకున్న చోట ప, బ, మ లాంటి అక్షరం పడకపోతే చూసేవాడికి ఎక్కడో కలుక్కుమంటుంది.

కొరియన్‌తో ఒక సుఖం ఉంది. వాళ్ల వాక్యంలోనూ క్రియ మనలాగే చివర వస్తుంది, కాబట్టి మాట విరిచే చోటు మన విరుపుతో కలుస్తుంది. మీరు, నువ్వు అనే తేడా వాళ్లకీ ఉంది. ఇంగ్లిషు సినిమాలో ముద్దుతో చెప్పేదాన్ని వాళ్లు ‘మీరు’ను ‘నువ్వు’ చేసి చెప్పేస్తారు. అది తెలుగులోకి హాయిగా వస్తుంది. భాషతో నాకు ఇబ్బంది రాలేదు. వచ్చిందల్లా కథతోనే.

ఆ వేసవిలో మాకిచ్చిన ప్రేమకథలో నాయిక నీళ్ల మీటర్ల ఆఫీసులో గుమాస్తా. ఎవరైనా ఆమెతో ఇష్టపడుతున్నానని చెబితే నేలమీంచి లేచి సీలింగుకు అతుక్కుపోతుంది. సినిమాలో ఎవరూ ఆశ్చర్యపోరు. తల్లి పొడవాటి కర్రకు గిన్నె కట్టి అన్నం అందిస్తుంది. ఇంటి యజమాని సీలింగుకు మరకలవుతున్నాయని గొణుగుతాడు. ఐసు బండి నడిపే కుర్రాడు ఆమెను ప్రేమించి, నిచ్చెన తెచ్చుకుని, కింద కూర్చుని భోంచేస్తూ కబుర్లు చెబుతాడు. ఆమె ఎందుకలా అవుతుందో సినిమా అయిపోయేదాకా ఎక్కడా చెప్పరు.

సినిమా కొన్న కంపెనీ తరఫున ప్రణయ్ అనే యువకుడు బెంగళూరు నుంచి వచ్చేవాడు. మన ప్రేక్షకులకు ఇది అర్థం కాదని అతని పైవాళ్లకు బెంగ. ఆమె పైకి వెళ్లినప్పుడల్లా మనసులోని మాటగా ఒక వాయిస్ ఓవర్ కలపమన్నారు. నాకూ అది సబబే అనిపించింది. ‘చిన్నప్పుడు నాన్న వదిలి వెళ్లిన రోజు నుంచి ప్రేమ అన్న మాట వింటే నా కాళ్లు నేలమీద నిలవవు’ అని మొదలుపెట్టి రాయించాం. వాక్యాలు బాగానే కుదిరాయి.

నాయికకు గొంతిచ్చింది మంజుల. అడిక్‌మెట్ మనిషి. సీరియళ్లలో ఏడుపు సన్నివేశాలకు ఆమెను మించినవాళ్లు లేరు. మైకు ముందు నిలబడిన క్షణానికి కళ్లు తడిసేవి. ఆ అలవాటే ఇక్కడ అడ్డొచ్చింది. సీలింగు మీంచి పలికిన ప్రతి మాటలో జీర వినబడేది. మొదటి లూపులు విని ప్రణయ్ పెదవి విరిచాడు. వారం చివరికి కుదరకపోతే నాయిక గొంతును కంప్యూటర్‌తో చేయిస్తారని కూడా చెప్పాడు. నమూనా అప్పటికే వచ్చింది. అది అంత చెడ్డగా లేకపోవడమే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది. ఒక నాయిక గొంతు మిషనుకు పోతే మిగతా పాత్రలూ అదే దారి పడతాయని స్టూడియోలో అందరికీ తెలుసు.

మంజుల బూత్‌లోంచి బయటికొచ్చి నన్ను నిలదీసింది.

“అక్కా, గామె ఎందుకు పైకి పోతది? భయమా, సిగ్గా? ఏదో ఒకటి చెప్పు, చేస్త. ఏం చెప్పకుంటె ఎట్ల జేయాలె?”

భయం అన్నాను. చేసింది. దయ్యాల సినిమాలా వచ్చింది. సిగ్గు అన్నాను. పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా వచ్చింది. ఇద్దరం విసిగిపోయాం.

ఆ వారమంతా నాకు కుదురు లేదు. సాయంత్రం స్టూడియో నుంచి చిక్కడపల్లిలోని ఇంటికి తిన్నగా వెళ్లలేక నారాయణగూడ వైపు నడిచేదాన్ని. ఛాయ్ బండి దగ్గర ఆగేదాన్ని, మళ్లీ నడిచేదాన్ని. ఆ రోజుల్లో వీధులన్నీ అలాగే ఉన్నాయి. గ్రూప్స్ పరీక్ష మరోసారి వాయిదా పడింది. లైబ్రరీ గేటు ముందు పిల్లలు పుస్తకాలు చంకలో పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. చదవబుద్ధి కాదు, ఊరెళ్లబుద్ధీ కాదు.

మా ఇంటి మేడమీది గదుల్లో కిరాయికున్న నలుగురమ్మాయిలదీ అదే అవస్థ. వాళ్లలో శిరీషది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. ఎమ్మే చేసి కొన్నేళ్లుగా పరీక్షలు రాస్తోంది. డాబామీద పచార్లు చేస్తుంటే ఏం చూస్తున్నారమ్మా ఈమధ్య అని అడిగాను. అందరూ ఒక్కసారే కొరియన్ అన్నారు. నాకు దారి దొరికినట్టయింది. సినిమాను ముందు ఈ పిల్లలకు చూపిద్దామని ప్రణయ్‌ను అడిగాను. తనూ వచ్చి వెనక కూర్చుంటానన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం స్టూడియోలో వాళ్లకు వాయిస్ ఓవర్ ఉన్న కాపీ వేశాం. మొదట్లో నవ్వారు. ఆమె మొదటిసారి పైకి వెళ్లి, మనసులోని మాట మొదలవగానే గది చల్లబడింది. రెండోసారికి ఫోన్లు బయటికొచ్చాయి. మూడోసారికి శిరీష లేచి వెళ్లిపోయింది.

నేను వెనకాలే వెళ్లాను. కారిడార్‌లో కిటికీ దగ్గర నిలబడి ఉంది. మంజుల కూడా అక్కడే మంచినీళ్లు తాగుతోంది. సినిమా నచ్చలేదా అని అడిగాను.

“తప్పుగ అనుకోకుండ్రి మేడం. సిన్మా మంచిగనే ఉంది. గా ఎనక గొంతు ఇంటెనే పరేషాన్ అయితుంది. మా ఊర్ల పొద్దున లేస్తె గిదే. ఎందుకు జాబ్ రాలే, ఎందుకు లగ్గం జేస్కోవు, ఎందుకు ఇంక ఆడ్నె ఉన్నవు. నేను గీ సిన్మాలు జూసేదే, గీండ్ల ఎవ్వరు ఎందుకని అడగరని. ఆమె పైకి పోయింది, వాళ్లమ్మ అన్నం పెట్టింది. గంతే. మీరేమొ ఆమెతోటి సంజాయిషీ రాయిస్తుండ్రు.”

“మరి ఆమె దిగాలని లేదా నీకు?” అన్నాను.

“దిగితే దిగుతది. పిలగాడు దిగమంటలేడు గద? నిచ్చెన తెచ్చుకుండు, కింద కూసున్నడు.”

నేను ఇన్నాళ్లూ ఆ సీలింగును ఒక జబ్బులా చూశాను. ఆ పిల్ల దాన్ని ఒక చోటులా చూసింది. వింతే ఈ సినిమాల ఆకర్షణ అనుకున్నాను, కానీ వింత ఎంత పెద్దదైనా చుట్టూ ఉన్నవాళ్లు దానికి సర్దుకుని అన్నం వడ్డించడమే ఈ పిల్లలను తెర ముందు కూర్చోబెడుతోంది.

లోపలికెళ్లి వాయిస్ ఓవర్ తీసేసి అదే భాగం మళ్లీ వేయమన్నాను. మంజుల గ్లాసు పక్కన పెట్టి, “అక్కా, జర బూత్ తెరువు. ఈసారి నువ్వేం చెప్పకు” అంది.

ఆ సన్నివేశంలో నాయిక పైనుంచి కుర్రాడి తల చూసి దుమ్ముందని ఏదో అంటుంది. పెదవులు రెండుసార్లు మూసుకుంటాయి. దాన్ని మేము ‘మీకు రెండు సుడులున్నాయి, రెండు పెళ్లిళ్లవుతాయి’ అని మార్చాం. మంజుల ఆ మాట జీర లేకుండా అంది. మేడమీంచి కూరలబండి మనిషితో మాట్లాడినట్టుగా, గోడకు చేరగిలబడిన గొంతుతో అంది. కుర్రాడి జవాబు ముందే రికార్డయి ఉంది: ‘రెండూ మీతోనే చేసుకుంటా.’ ఆమె వెన్ను ఇంకాస్త గట్టిగా సీలింగుకు హత్తుకుంటుంది. రెండో టేకుకే సరిపోయింది.

అమ్మాయిలకు వినిపించాం. నవ్వు ఒక్కసారిగా లేచింది. ఫోన్లు ఒళ్లో పడి ఉన్నాయి. శిరీష తలుపు దగ్గర నిలబడే చివరిదాకా చూసింది. ప్రణయ్ సినిమా కంటే వాళ్లనే ఎక్కువ చూశాడు. తర్వాత మెట్లమీద నిలబడి తన పైవాళ్లతో చాలాసేపు ఫోన్లో వాదించాడు. తిరిగొచ్చి, “మేడం, మొత్తం తీయడానికి ఒప్పుకోలేదు. మొదటి సీన్లో ఒక వాక్యం ఉండాల్సిందేనంటున్నారు. మిగతావి తీసేద్దాం. మంజుల గారి గొంతే ఉంచుతున్నారు” అన్నాడు. ఆ ఒక్క వాక్యం మీద నేను మర్నాడు కూడా పోట్లాడాను. గెలవలేదు. ఎంత కుదించగలనో అంత కుదించి, ఆమె ముఖం కనబడని చోట పెట్టాను.

సినిమా విడుదలైంది. పెద్ద సందడేమీ చేయలేదు. నచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ చూశారని ప్రణయ్ చెప్పాడు. మంజులకు కొరియన్ పాత్రలు వరసగా వచ్చాయి. ఇంకో స్టూడియోలో కొన్ని గొంతులు మిషనుకే వెళ్లాయి, మేము దాన్ని ఆపలేకపోయాం. శిరీష ఆ ఏడు పరీక్ష రాసింది, ఎంపిక కాలేదు. మళ్లీ రాస్తానని గది ఖాళీ చేయకుండా ఉండిపోయింది.

నేను పనిలో చేరినప్పుడు డబ్బింగంటే మాటను ఒక భాషలోంచి మరో భాషలోకి తేవడమని నేర్పారు. అది సగం పనే. మూలంలో చెప్పకుండా వదిలిన దాన్ని తెలుగులోనూ చెప్పకుండా వదలాలి. మనకు అర్థం కాని చోట కారణం కలిపితే ప్రేక్షకుడికి సాయం చేసినట్టు కాదు. మన తికమకను అతని నెత్తిన పెట్టినట్టు. ఆ తర్వాత ఆర్టిస్టు ఎందుకని అడిగితే, నాకు తెలియనప్పుడు తెలియదనే చెప్పి, లూప్ మళ్లీ వేయించేదాన్ని.