బీరువా ముందు స్టూలు

1974లో మా ఆయన పోయిన మూడో నెలలో, ఆయన చేసిన అటెండరు ఉద్యోగమే నాకు ఇచ్చారు. విశాఖపట్నంలో ఒక డిగ్రీ కాలేజీ. సర్వీసు రిజిస్టరులో సంతకం చోట నా చేత వేలిముద్ర వేయించి, పక్కన గుమస్తా ‘నిరక్షరాస్యురాలు’ అని రాశారు. ఆ మాట వల్లే తర్వాత నాకు మంచి డ్యూటీ పడింది.

ఎనభైలలో ఇంజినీరింగు సీట్లకు ఎంట్రన్సు పరీక్ష పెట్టారు. అందరికీ ఒకే పేపరు, జవాబంటే పెన్సిలుతో సున్నా నింపడం, దిద్దేది మిషను. ఇందులో ఎవరి పలుకుబడీ చెల్లదని చెప్పుకునేవారు. మా కాలేజీ ఒక సెంటరు. ప్రశ్నపత్రాలు లక్క సీలు వేసిన కట్టలుగా పోలీసు కాపలాతో వచ్చేవి. వాటిని ఇనప బీరువాలో పెట్టి, పరీక్షకు అరగంట ముందు ఇద్దరు లెక్చరర్ల సాక్షి సంతకాలతో విప్పేవారు. అంతదాకా బీరువా ముందు చదువు రాని మనిషే కూర్చోవాలని చీఫ్ సూపరింటెండెంటు మూర్తిగారు నియమం పెట్టారు. ఆయన లెక్కల లెక్చరరు, గోదావరి జిల్లా మనిషి. మిగతా అటెండర్లందరూ ఏడో ఎనిమిదో చదివినవాళ్లు. కాబట్టి స్టూలు నాది. దాని పైన ఫ్యాను ఉండేది. మే నెలలో మా ఊరి ఉక్కపోత తెలిసినవాళ్లకు ఆ ఫ్యాను సంగతి చెప్పనక్కర్లేదు.

మా అమ్మాయి సత్యవతిదీ అదే కాలేజీలో ఇంటరు. జాలరిపేట నుంచి ఇద్దరం నడిచి వచ్చేటప్పుడు బస్సు బోర్డులూ గోడ రాతలూ చూపించి నాకు తెలుగు అక్షరాలు నేర్పింది. కూడబలుక్కుని చదవడం, మెల్లగా రాయడం వచ్చాయి. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో ఉంటుంది, అందులో నాకు తెలిసేవి అంకెలే. చెబితే ఫ్యాను పోతుంది, అంతే.

మూడో ఏడు సత్యవతి ఆ పరీక్షకు కట్టింది. హాల్ టికెట్ మీద సెంటరు మా కాలేజీయే పడింది. డ్యూటీ చేసే లెక్చరర్లందరూ దగ్గరి బంధువులెవరూ పరీక్ష రాయడం లేదని ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. రాస్తుంటే డ్యూటీ ఉండదు. అటెండర్లకు ఆ ఫారం లేదు. మా పిల్లలు ఆ పరీక్ష రాస్తారని ఎవరికీ తోచలేదు.

నేనే వెళ్లి మూర్తిగారికి చెప్పాను.

“నీ కూతురు రాస్తే మాత్రం ఏం, నీకు చదువు రాదు గదమ్మా. సీలు వేసిన కట్టను వాసన చూసి ప్రశ్నలు చెప్తావా ఏంటి?” అన్నారు.

“దానికి సీటు రాకపోతే ఎవులూ ఏటీ అనరు బాబూ. వత్తేనే అంటారు,” అన్నాను.

ఆయన ఆ మాటే కాగితం మీద రాయించి తెమ్మన్నారు. మా అమ్మాయి ఈ పరీక్ష రాస్తోంది, నన్ను బీరువా దగ్గర పెట్టవద్దు అని ఇంట్లో కూర్చుని రాసి, కింద పేరు పెట్టి, తేదీ వేసి ఇచ్చాను. ఎవరు రాశారని ఆయన అడగలేదు. ఫైల్లో పెట్టారు. పరీక్ష రోజు తాళం చెవి జేబులో వేసుకుని స్టూలు మీద ఆయనే కూర్చున్నారు. నాకు వరండాలో మంచినీళ్ల కుండలు ఇచ్చారు.

సత్యవతికి సీటు వచ్చింది. వారం తిరక్కుండా ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది, బీరువా కాపలాదారు కూతురికి సీటెలా వచ్చిందని. విచారణ తేలేదాకా అమ్మాయిని చేర్చుకోవద్దన్నారు. చేరడానికి గడువు నాలుగు రోజులుంది.

విచారణకు వచ్చిన అధికారి డ్యూటీ రిజిస్టరు చూశారు. నా పేరు కుండల దగ్గరే ఉంది. తర్వాత నా కాగితం చూశారు, నా సర్వీసు రిజిస్టరు తెప్పించారు. వేలిముద్ర వేసే మనిషి సంతకం ఎలా పెట్టింది, ఇది గొడవ వచ్చాక పుట్టించిన కాగితం, ఇది దొంగదైతే ఆ డ్యూటీ రిజిస్టరూ దొంగదే అన్నారు. పరీక్షకు ముందే ఇచ్చిందని మూర్తిగారు అన్నా అధికారి నమ్మలేదు. ఆ సంతకం నాదేనా అని మూర్తిగారికీ అనుమానం వచ్చినట్టుంది.

“ఒక కాయితం ఇప్పించండి బాబూ,” అన్నాను.

అధికారి చదువుతుంటే నేను అవే మాటలు రాశాను. అది పూర్తయ్యేలోగా ఆయన రెండు టీలు తాగారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. రెండింట్లోనూ వరసలు ఒకేలా కిందికి జారి ఉన్నాయి. రెండోదాని మీద నా చేత ఇంకోసారి సంతకం పెట్టించుకుని ఫైలు కట్టేశారు.

బయట మూర్తిగారు ఆగి, “చదువొచ్చని ముందే చెప్పొద్దా పైడమ్మా?” అన్నారు.

“ఎవులడిగేరు బాబూ?” అన్నాను.

ఇంగ్లీషు రిపోర్టులో రెండు విషయాలు రాశారని గుమస్తా చదివి చెప్పారు. ఒకటి, అమ్మాయి సీటులో తప్పేమీ లేదు. రెండు, పైడమ్మకు చదువు వచ్చు కనుక ఇకపై బీరువా దగ్గర ఉంచరాదు. సత్యవతి గడువులోపలే చేరింది. మరుసటి ఏడు బీరువాకు రెండో తాళం కొన్నారు. రిటైరయ్యేదాకా పరీక్షల్లో నాకు కుండలే.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది: మనల్ని ఎవరూ అడగని ప్రశ్నకు కూడా జవాబు రాసి, తేదీ వేసి, ఫైల్లో పెట్టించాలి. రాయడం మన చేత్తోనే రాయాలి.