పదిహేను రోజుల తుపాకి

చినబాబు చెయ్యి పడితే ఎంత ముసలి ఏసీ అయినా లేచి కూర్చునేది. అదే చెయ్యి తుపాకి మీద పడితే మాత్రం, ఆ తుపాకి సరిగ్గా పదిహేను రోజులు పనిచేసి పదహారో రోజున ప్రాణం విడిచేది. అయినా సరే, పాత తుపాకులు కొని బాగుచేయడమంటే అతనికున్న పిచ్చి అంతా ఇంతా కాదు.

తుపాకులంటే యుద్ధాలు చేసేవి కావు. పిట్టల్ని కొట్టే ఎయిర్ గన్‌లు. కువైట్‌లోని అల్ రాయ్ శుక్రవారం సంతలో, కాళ్ళు విరిగిన కుర్చీల మధ్య, నడవని గోడ గడియారాల కింద పడి ఉండేవి. అమ్మేవాడికే మొహం మొత్తినవాటిని ఏరి, చంటిపిల్లల్లా చంకనేసుకుని గదికి తెచ్చేవాడు చినబాబు.

ఆ గదిలో రెండో మంచం సత్యప్రసాద్‌ది. షువైఖ్‌లో స్పేర్ పార్టుల దుకాణంలో పని. చినబాబుకి ఊరి వరసన బావమరిది. రెండు వేల నాలుగు నాటికి, నాలుగేళ్ళుగా ఆ తుపాకులతో కాపురం చేస్తున్నాడు. అతని కొబ్బరినూనె గొట్టాలకి పోయేది. అతని గెడ్డం బ్రష్షు తుప్పు దులిపేది. తువ్వాలు సంగతి అడక్కూడదు.

ఒకరోజు భోజనం మధ్యలో సత్యప్రసాద్ దవడ పట్టుకుని కేక పెట్టాడు.

"బావా! చేపల పులుసులో ఇదేంటి?"

"అమ్మయ్య, దొరికిందా! పొద్దుట్నుంచీ ఎతుకుతున్నాను. కడిగి ఇలా ఇయ్యి."

"ముల్లనుకుని కొరికాను. పన్ను కదిలిపోయింది!"

"స్ప్రింగుకేం అవలేదు కదా?"

ఇంకోసారి మిద్దె మీద, రంగు డబ్బా నిలబెట్టి, ఒక తుపాకిని పదహారో రోజున పరీక్షించాడు. గుండు గొట్టంలోంచి నిద్రమొహంతో బయటికొచ్చి కాళ్ళ దగ్గరే పడింది. పిట్టగోడ మీది పావురం దిగివచ్చి, గింజ అనుకుని దాన్నొకసారి పొడిచి, నచ్చక వెళ్ళిపోయింది.

"బావా, నీ తుపాకికి పావురం కూడా దడవలేదు."

"జీవహింస లేదుగా. మంచిదే కదా!"

ఇంతకంటే పెద్ద తలనొప్పి అబ్దుల్ హమీద్. కబ్ద్ ఎడారిలో గొర్రెల మందలున్న ముసలి కువైటీ. కుక్కల్ని అదిలించడానికని చినబాబే ఆయనకొక తుపాకి బాగుచేసి ఇచ్చాడు. ఆనాటి నుంచి రెండు వారాలకోసారి ఫోను. అవతల ఒకటే మాట: "ఖర్బాన్!" చెడిపోయిందని.

అంత మాట అనిపించుకున్నవాడు సిగ్గుపడాలా వద్దా? చినబాబు పెళ్ళి పిలుపు వచ్చినట్టు మురిసిపోయేవాడు. చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. పచ్చడి సీసా, వక్కపొడి పొట్లం, స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని బయల్దేరేవాడు.

"ఎందుకు బావా, కోనసీమోళ్ళకి పనిరాదని ఎడారి దాకా చాటింపు?" అని పోట్లాడి పోట్లాడి, చివరికొక శుక్రవారం సత్యప్రసాద్ కూడా బండెక్కాడు. జేబులో కొత్త స్ప్రింగు, కొత్త వాషరు. ఈ పీడ ఇవాళతో వదిలించుకోవాలని అతని పట్టుదల.

కబ్ద్‌లో దిగేసరికి గొర్రెల కాపరి బాలసుబ్బయ్య ఎదురు పరుగెత్తుకొచ్చాడు. కడప మనిషి. "వచ్చినావా న్నా! నిన్న రేత్రి నుంచీ దావలోనే ఉండాయి నా కండ్లు" అంటూ చినబాబు చెయ్యి పట్టుకుని వదల్లేదు. తుపాకి విప్పి గుడ్డ మీద పరవడం, చినబాబు నోట్లో స్క్రూ పెట్టుకుని ఊఁ కొట్టడం, బాలసుబ్బయ్య చెప్పుకుపోవడం. గంట గడిచినా స్క్రూ నోట్లోంచి దిగలేదు. తరవాత బాలసుబ్బయ్య చినబాబు ఫోను తీసుకుని, ఊళ్ళో ఉన్న తన భార్య కళావతితో మాట్లాడాడు. అది ముగిశాక, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లను చూపిస్తానని చినబాబుని దొడ్డి వెనక్కి లాక్కుపోయాడు.

సత్యప్రసాద్‌కి ఒళ్ళు మండిపోయింది. చూసి చూసి ఆ విద్య అతనికీ పట్టుబడింది. పది నిమిషాల్లో కొత్త స్ప్రింగు వేసి బిగించి పడేశాడు.

"అయిపోయింది బావా! ఇంక పదేళ్ళు దీని మొహం చూడక్కర్లేదు."

తిరిగొస్తున్న చినబాబు అక్కడే ఆగిపోయాడు. బాలసుబ్బయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అంటే... ఇంగ రారా న్నా మీరు?"

"ఎందుకు రావాలి?"

"మా యజమాని బాబా ఈడికి ఎవురినీ రానీడు న్నా, దొంగలని బయం. తుపాకి మెకానిక్కని ఈ అన్న ఒక్కన్నే రానిస్తాడు. గొర్రెలకు ఎన్నిసార్లు చెప్పేది నా కతలు?"

నాలుగేళ్ళుగా గదిలో చచ్చిన తుపాకులన్నీ, ఈ ముసలాయన తుపాకికి పదిహేను రోజుల లెక్క సరిగ్గా కుదరడం కోసం చచ్చాయని సత్యప్రసాద్‌కి అప్పుడర్థమైంది.

"ముందే చెప్పి ఏడవచ్చు కదా బావా!" అని గొణిగాడు.

"నీకు చెపితే కువైటంతా చెపుతావురా ప్రసాదూ."

స్ప్రింగు మళ్ళీ విప్పుదామని చేతులు పెట్టేంతలో అబ్దుల్ హమీద్ రానే వచ్చాడు. తుపాకి అందుకుని, దూరంగా ఉన్న పెరుగు డబ్బాకి గురిచూసి కొట్టాడు. ఠప్పుమంది. డబ్బా పల్టీలు కొడుతూ పోయి ఇసకలో పడింది.

ముసలాయన డబ్బాకేసి చూశాడు. తల దించుకున్న బాలసుబ్బయ్యకేసి చూశాడు. తుపాకిని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, పెదవి విరిచాడు.

"ఖర్బాన్."

"బాబా, డబ్బా ఎగిరింది కదా!" అన్నాడు సత్యప్రసాద్, తను బిగించిన స్ప్రింగు మీద మమకారం చంపుకోలేక. చినబాబు అతని కాలు తొక్కాడు.

"గాలికి పడింది," అన్నాడు అబ్దుల్ హమీద్, వచ్చీరాని హిందీలో. గాలన్నది ఎక్కడా లేదు. తుపాకి చినబాబు చేతిలో పెట్టి, "వచ్చే శుక్రవారం రా. ఈ కొత్త మెకానిక్కుకి పని రాదు. కబుర్లు చెప్పడమైనా వచ్చా?" అని అడిగాడు.

"వచ్చు బాబా," అన్నాడు సత్యప్రసాద్, తొక్కిన కాలు రుద్దుకుంటూ.