గతౌరాలో ఒగ్గేసిన పావురాలు

ఆ రోజుల్లో మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పదహారేళ్ల ఆడపిల్లలు ట్యూషన్లకి వెళ్లేవారు, లేదంటే బుద్ధిగా ఇంట్లో కూర్చునేవారు. నేను పావురాలు పెంచేదాన్ని. పొద్దున్నే పెరట్లో నిలబడి, డబ్బాలో జొన్నలు గలగలలాడిస్తూ ఈలలేస్తుంటే అమ్మకి తల కొట్టేసినట్టుండేది. "ఓలమ్మ, పక్కింటోళ్లు ఏటనుకుంటారే గుంటా!" అనేది. (పక్కింటోళ్లు ఏమీ అనుకోలేదు. వాళ్లకి నా ఈల విని నిద్ర లేవడం అలవాటైపోయింది.) ఉన్నవి నాలుగే. అన్నిటికన్నా ముందొచ్చేదానికి మెయిలు అనీ, దారిలో ప్రతి తీగ మీదా కూర్చుని వచ్చేదానికి గూడ్సు అనీ పేర్లు పెట్టాను.

పావురానికి ఇల్లు నేర్పాలంటే దాన్ని ఇంటికి దూరంగా తీసుకెళ్లి వదలాలి. ముందు కాలనీ గేటు, తర్వాత బజారు, అలా రోజురోజుకీ దూరం పెంచాలి. సైకిలు మీద నేను ఎంత దూరమని వెళ్లను? మా నాన్న గూడ్సు గార్డు. (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఆ పేరొచ్చేసరికి ఆయన రిటైరైపోయారు. ఆ బాధ ఆయనకింకా ఉంది.) "నాన్నా, మీ బ్రేకు వ్యానులో ఓ బుట్టకి చోటుండదా?" అని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "రూల్ బుక్కులో పావురాల మాటే లేదు, కాబట్టి తప్పు లేదు" అని తేల్చేశారు.

ఇక చూడండి మా వైభోగం. గూడ్సు బండి మా పక్క స్టేషను గతౌరాలో, వేరే బళ్లకి దారిచ్చే లూపు లైన్లో ఆగగానే నాన్న బుట్ట మూత తీసి ఫోన్ చేసేవారు. "ఒగ్గేసేను, టైం రాసుకో." నేను నోటుపుస్తకంలో గడులు గీసుకుని ఎప్పుడు వదిలారో, ఎప్పుడు వచ్చాయో రాసేదాన్ని. ఆఖర్న రిమార్కు గడి కూడా ఉండేది. గార్డు కూతుర్ని మరి! మెయిలు పన్నెండు నిమిషాల్లో వచ్చి వాలేది. నాన్న మాత్రం ఆరు గంటల తర్వాత మసి మొహంతో వచ్చి, బూట్లైనా విప్పకుండా, "చేరేయా?" అని అడిగేవారు. నాలుగూ చేరాయంటే ఆ మొహం వెలిగిపోయేది.

అంతా బాగున్న సమయంలో నాన్నకి ప్రమోషనొచ్చింది. పాసింజరు గార్డయ్యారు, పట్టాలకి అటుపక్క పెద్ద క్వార్టరిచ్చారు. కొత్తచోట పావురాల్ని నెలల తరబడి గూట్లోనే మూసి ఉంచాలని నాకు తెలీదు. తెలిసినా మనసొప్పేది కాదేమో. మూడోరోజే తలుపు తీసేశాను. నాలుగూ ఆకాశంలో ఒక చుట్టు చుట్టి, తిన్నగా పాత క్వార్టరుకి వెళ్లిపోయాయి. ఎంత బాగా నేర్పానో చూడండి!

అప్పటికే పాత క్వార్టర్లోకి ఒక భాభీ దిగింది. ఆవిడ ఎండబెట్టిన వడియాల మీద నా పావురాలు తిరిగేవి. నేను రోజూ బుట్ట పట్టుకుని వెళ్లి, క్షమాపణ చెప్పి తెచ్చుకునేదాన్ని. మర్నాడు మళ్లీ అక్కడే. చివరికి భాభీవాళ్లాయన నాన్నతో స్టేషన్లోనే ఏదో అన్నారు. నాన్నకి కోపమొచ్చింది. "పదమూడేళ్ల మర్యాద పోతంది. ఆదివారం దాకా సూస్తాను. అప్పటికీ రాకపోతే మస్తూరీలో తెలిసినాయనకి ఇచ్చెత్తాను. ఇల్లు మారిందని తెలీదేటి వాటికి? బుర్ర లేదేటి?" అన్నారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మస్తూరీ ఆయన పావురాల్ని పెంచుతాడో, వండుకుంటాడో ఎవరికి తెలుసు?

శనివారం పొద్దున్న ఏడుపు మొహంతో బుట్ట పట్టుకుని వెళ్లాను. భాభీ గుమ్మంలోనే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "గుడియా, ఆజ్ చార్ నహీ, పాంచ్ ఆయే హై!" అంది. ఈరోజు నాలుగు కాదట, ఐదొచ్చాయట. నాలుగు పైన, రేకుల మీద ఉన్నాయి. ఐదోది కింద వరండాలో కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పేసి, కళ్లు మూసుకుని టీ తాగుతోంది.

మా నాన్న! రాత్రంతా డ్యూటీ చేసి, నిద్రమత్తులో కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు వచ్చేశారు. "ఏమే, టీ" అని కేకేసి కూర్చున్నారట. భాభీ పాపం మారుమాట్లాడకుండా పెట్టి ఇచ్చింది. "పంచదార ఎక్కువేసేవేటి ఈయాల?" అంటూ కళ్లు తెరిచి, ముందు భాభీని, తర్వాత నన్ను, నా చేతిలో బుట్టని చూశారు. ఆ మొహం నేను జన్మలో మర్చిపోను.

తిరిగొస్తుంటే బుట్ట ఆయనే మోశారు. పట్టాలు దాటాక, "మీ అమ్మకి సెప్పకు" అన్నారు. "చెప్పను. మరి మస్తూరీ?" అన్నాను. "ఏ మస్తూరీ?" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చేశాయి. ఆ సాయంత్రమే ఆయన వెళ్లి భాభీవాళ్లని బతిమాలి, గూడు మళ్లీ వాళ్ల పెరట్లోనే పెట్టించారు. ఆర్నెల్లు తిరిగేసరికి భాభీ నాకన్నా బాగా ఈలెయ్యడం నేర్చుకుంది.

ఇప్పుడు నేను కోర్బాలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు బిలాస్‌పూర్‌లోనే, లింగియాడీహ్‌లో ఇల్లు కట్టుకున్నారు. ప్రతి శనివారం వస్తాను. నా బండినీ గతౌరాలో సిగ్నలివ్వకుండా ఆపేస్తారు. నాన్న ఫోన్ చేస్తారు. "ఒగ్గేరా?" "ఇంకా లేదు నాన్నా." "అచ్ఛా, ఒగ్గేక సెప్పు" అని పెట్టేస్తారు. ఎందుకు అడుగుతారో మొన్నటిదాకా నాకు తెలీలేదు. అక్కడింట్లో పాత పుస్తకాల్లో నా నోటుపుస్తకం దొరికింది. మెయిలూ గూడ్సూ టైములు, తలతిక్క పదహారేళ్ల పిల్ల కోడిగీతలు చూసుకుని నవ్వుకుంటూ పేజీలు తిప్పాను. వాటి కింద నాన్న గుండ్రటి అక్షరాలు. ప్రతి శనివారం నేను గతౌరా దాటిన టైము, గుమ్మంలో అడుగుపెట్టిన టైము. రిమార్కు గడిలో ప్రతిసారీ ఒకటే మాట: "సరైన క్వార్టరుకే వచ్చింది."