సీమంతానికి మగవాళ్ల ఆల్బమ్

మా ఆవిడ సీమంతానికి ఫోటోగ్రాఫర్‌ని కుదిర్చింది నేనే. ఈ సంగతి ఎత్తితే చాలు, మా నాలుగేళ్ల పిల్ల కూడా నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

అంతకుముందు రెండుసార్లు గర్భం నిలవలేదు. దిష్టి తగులుతుందని ఆ రెండుసార్లూ పెద్దవాళ్లు ఒక్క ఫోటో కూడా తీయనివ్వలేదు. చివరికి తీసి చూసుకోవడానికి మాకేమీ మిగల్లేదు. అందుకే ఏడో నెల రాగానే ఆవిడ ఒక్కటే అడిగింది. "ఏవండీ, ఈసారి కడుపుతో ఉన్న ఫోటో కావాలి నాకు. చేయి తిరిగినవాడు తీసింది."

మేముండేది ఒమాన్‌లో. చేయి తిరిగినవాడి కోసం అల్ హైల్ అనే పేటలో ఒక స్టూడియోకి వెళ్లాను. హైదరాబాద్ మనిషి. పన్నెండేళ్లుగా ఒమానీల పెళ్లిళ్లు తీస్తున్నాడట. ఫోన్లో చూపించాడు. తలపాగాలు, నడుములకు వెండి బాకులు, వరసగా కూర్చున్న పెద్దమనుషులు. ఒక్కొక్కరి గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అన్ని ఫోటోల్లో ఒక్క ఆడమనిషి కూడా లేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. మహా సంతోషంగా వాడి కబీర్ అనే పేటలో ఉన్న మా ఫ్లాట్ అడ్రసు ఇచ్చి వచ్చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం హాలు నిండా ఆడవాళ్లు. అందరూ ఫోన్లు పైకెత్తి నిలబడితే అసలు ఫోటోల్లో మొహాలు కనబడవని నాకొక పెద్ద ఆలోచన వచ్చింది. అందరి దగ్గరా ఫోన్లు పుచ్చుకుని ఫ్రిజ్ మీద పెట్టాను. "ప్రొఫెషనల్ వస్తున్నాడు" అని ప్రకటించాను కూడా. ఆ తర్వాత మగవాళ్లందరినీ పడగ్గదిలోకి తోలేశారు.

అతను వచ్చినప్పుడు తలుపు తీసింది నేనే. హాల్లో చీరలు కనబడగానే చూపు నేలకు దించేసి, గోడ వెంబడే నడుస్తూ సూటిగా మా గదిలోకి వచ్చేశాడు. చుట్టూ మూగిన ఆడవాళ్ల మధ్య కూర్చున్న మా ఆవిడకు అతను రావడమే కనబడలేదు. గదిలో లైట్లు బిగించి మా ఆరుగురినీ మంచం మీద వరసగా కూర్చోబెట్టాడు. "సార్, జర గడ్డం లేపుండ్రి. ఆఁ, గట్లనే" అన్నాడు. నన్ను జన్మలో ఎవరూ అంత మర్యాదగా ఫోటో తీయలేదు. కిటికీ దగ్గర ఒకటి, పులిహోర తింటూ ఒకటి, దూరంగా ఏదో ఆలోచిస్తున్నట్టు ఒకటి. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, కాసేపు ఆ సీమంతం నాదే అన్నంత సంబరపడ్డాను.

హాల్లోంచి పాటలు, నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. వాళ్ల వంతు తర్వాత కాబోలు అనుకున్నాను. అక్కడ ఆవిడేమో ఫోటోగ్రాఫర్ ఇంకా రాలేదనుకుని, గుమ్మం వైపు చూస్తూనే రెండు చేతుల నిండా గాజులు తొడిగించుకుందట. అలా ఎదురుచూస్తుండగానే హారతి కూడా అయిపోయింది.

అందరూ వెళ్లిపోయాక మా గది తలుపు తోసుకుని వచ్చింది. "ఈయనెవరు?" అని అడిగింది. చెప్పాను. కెమెరా అందుకుని చూసింది. మూడు వందల ఫోటోలు, అన్నిట్లోనూ మేమే. అలాగే మంచం మీద కూర్చుని ఏడ్చేసింది.

నాకు బాధ కలిగితే అది కోపంగానే బయటికొస్తుంది. అతని మీద అరిచాను.

అతను చేతులు జోడించాడు. "మాఫ్ చేయుండ్రి అక్కా. ఈడ షాదీలల్ల మొగోళ్ల దిక్కే నా డ్యూటీ. ఆడోళ్ల దిక్కు ఆడోళ్లే తీస్తరు. పన్నెండేండ్ల సంది గదే అలవాటైపోయింది. గంత మంది ఆడోళ్లున్న కాడికి నాకు కాలే రాలె."

నేనే తీద్దామని నా ఫోన్ బయటికి తీయబోయాను. ఆవిడ చూసిన చూపుకి మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను.

ఆడవాళ్లలో మిగిలింది వంటసాయానికి వచ్చిన కడప ఆవిడ ఒక్కతే. ఒమానీల ఇంట్లో పనిచేస్తుంది, శుక్రవారం సెలవు. "ఏడుపెందుకమ్మా? గాజులు తీసి మళ్లీ ఏయకూడదు, కానుపయ్యేదాకా ఉండాల. కాళ్లు ఉండాయి గదా, పసుపు మళ్లీ రాస్తా" అంది. అతని వైపు తిరిగి, "ఏమప్పా, అట్ల గోడను సూస్తా నిలబడితే ఎట్ల? తియ్యి" అని గదమాయించింది.

తీశాడు పాపం. కెమెరా ఎత్తాడు గానీ కళ్లు ఎత్తలేకపోయాడు. తల వంచుకునే నొక్కుతూ పోయాడు. మొదటి పది ఫోటోల్లో మా ఆవిడకు తల లేదు. పదకొండోదాంట్లో గడ్డం దాకా వచ్చింది.

"తలకాయేదయ్యా!" అని మళ్లీ లేచాను.

"మీరుండండి" అంది మా ఆవిడ. ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతూ మొదటి ఫోటో దగ్గర ఆగిపోయింది. అందులో గాజుల చేతులు రెండూ పొట్ట మీద ఉన్నాయి. అంతకు మించి ఏమీ లేదు. దాన్నే చాలాసేపు చూసింది.

"ఇది పెద్దది చేయించండి" అంది, పొట్ట మీద చేయి వేసుకుని. "తలదేముంది, దానికి రెసిడెంట్ కార్డు మీద ఫోటో ఉంది. దీనికే ఇంతవరకూ ఎక్కడా లేదు."